గాలివాన పేరు మీద

మందిరం వెనక గది
ఎండాకాలం చివర

ప్రియమైన చెల్లీ,

నీ కొట్టుకీ ఆరాధనలో వంగని నీ మోకాళ్లకీ శాంతి కలగాలి.

ఉత్తరం ఆలస్యమైందని మూతి ముడుచుకోకు. మూడు వారాలుగా నా చేతులు సుత్తీ ఉలీ పట్టుకున్నాయి. నాలుగో తరగతితో బడి మానేసి, గ్రంథం ఒక్కటే ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్న నీ అన్న ఇప్పుడు తాపీపని కూడా నేర్చాడు. నవ్వకు.

మన మందిరంలో ఎడమగోడ మధ్యన, లోపలికి పొడుచుకొచ్చిన ఇటుకల దిమ్మె ఒకటి ఉండేది, గుర్తుందా? దాని వెనక కూర్చున్నవాళ్లకు పదేళ్లుగా నా గొంతే గానీ ముఖం దొరకలేదు. మొన్న ఒక ముసలాయన, "అయ్యగారూ, మీరు చెబుతుంటే మాకు రేడియో విన్నట్టుంటుందండీ" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. కొండ దిగి వచ్చిన ప్రవక్త ముఖం వెలిగిపోతుంటే జనం చూడలేకపోయారట. మా జనానికి చూసే యోగమే లేకపోయె! అందుకని ఆ అడ్డం నేనే తీసేశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. సున్నం కొట్టాక అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలు కూడా లేదు. ఇటుకలు పారేయడం ఎందుకని వాటితో వేదికకు రెండు మెట్లు కట్టాను. ఇప్పుడు ఎడమవైపు ఆఖరి వరసకు కూడా నేను కనిపిస్తున్నాను.

మందిరం కట్టిన మేస్త్రీ పొరుగూళ్లో పనికి పోయాడు. ఉంటే లక్ష వంకలు చెప్పేవాడు. వాళ్లక్క, అదే మందిరం ఊడ్చే మన ఊడ్పులక్క, చీపురు చంకన పెట్టుకుని వచ్చి చూసి, "మా తమ్ముడు ఊరికే ఏదీ కట్టడు అయ్యగారూ" అంది. "నేనూ ఊరికే ఏదీ కూల్చను" అన్నాను. నవ్వేసి పోయింది. ఆమె సంగతి నీకు తెలుసుగా. ఎవరి పాదమూ పడకముందే వచ్చి నేలంతా ఊడ్చి, చెప్పులు పక్కన జతగా పెట్టుకుని, ఎడమగోడ వారన కూర్చుని ప్రార్థన చేసుకుంటుంది. దేవుడు వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలట.

ఇంగ్లీషు నానుడులు రాసుకునే నీ నోట్‌బుక్ ఎంత లావైంది? దానికున్న తీరిక ఆరాధనకు మాత్రం లేదు నీకు.

నీ అన్న

*

ఉత్తరాల కొట్టు, మెట్ల కింద
తొలకరి

అన్నయ్యా,

నీ ముఖం అందరికీ కనబడుతోందని తెలిసి సంతోషం. చిన్నప్పుడు బడి ఫొటోలో నా తల మీద నుంచి మెడ చాచినవాడివి. ఆ ఫొటోలో నేను ఇప్పటికీ నీ గడ్డం కిందే ఉన్నాను.

నోట్‌బుక్ రెండోది మొదలుపెట్టాను. జనం వచ్చి తెలుగులో గోడు చెప్తారు, నేను టైపు మిషన్ మీద ఇంగ్లీషులో కొడతాను. ఇంటివాళ్లకి, బడికి, ఆఫీసులకి, పక్క వాటావాళ్లకి. పదకొండేళ్లలో నాకు తెలిసిందేమిటంటే, లోకంలో ఎవరూ ఏదీ పాడు చేయరు. నిజం! నిన్న ఒకాయన కుళాయి విప్పేసి ఊరెళ్లాడు. కింద వాటా తడిసి ముద్దయింది. "నీళ్లు ప్లేడ్ హేవక్" అని రాయించుకుపోయాడు. చూడు, ఆయన ఊళ్లోనే లేడు, నీళ్లే అల్లరి చేశాయి. చాకలి షాపాయన కోటు కాల్చేశాడు. "వేడిమి టుక్ ఇట్స్ టోల్" అన్నాం, అంటే వేడి వచ్చి తన సుంకం తను వసూలు చేసుకుపోయిందన్నమాట. ఇక "ద డ్యామేజ్ ఈజ్ డన్" ఉందే, నష్టం జరిగిపోయింది అంతే అని, అది పగలగొట్టినవాళ్లకి మహా ఇష్టం. పగిలినవాళ్లు ఎప్పుడూ అడగలేదు.

గాలి, చెమ్మ, ఎలుకలు, కాలం... నా నోట్‌బుక్ నిండా పాపం వీళ్లే దోషులు. అందరికీ సరిపోతాయి, అందరూ సంతోషంగా వెళ్తారు. నేనూ బతుకుతున్నాను.

ఊడ్పులక్కని అడిగానని చెప్పు. నేను పరికిణీలు కట్టే రోజుల్లో నా చెప్పు తెగితే పిన్నీసుతో బాగుచేసి ఇచ్చింది.

నీ చెల్లి

*

మందిరం వెనక గది
వాన వెలిసిన నాలుగో రోజు

చెల్లీ,

మందిరం గోడ పడిపోయింది. ఊడ్పులక్క పోయింది.

ఈ రెండు వాక్యాలు రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. గాలివాన ఇంకా తగ్గలేదు, అప్పుడే తెల్లవారుతోంది, ఎడమగోడ లోపలికి ఒరిగింది. ఆమె ఊడ్చేసి కూర్చుని ఉంది. నేను ఉరుమనుకున్నాను, చెల్లీ. ఉరుమనుకుని ఇటు తిరిగి పడుకున్నాను. తర్వాత వెళ్లి చూస్తే చెప్పులు మాత్రం తిన్నగా, జతగా ఉన్నాయి. మిగతా మూడు గోడలకూ గీత కూడా పడలేదు.

సమాధి దగ్గర వాక్యం చెప్పాను. ఇసుక మీద ఇల్లు కట్టుకున్న బుద్ధిహీనుడి సంగతి ఎత్తుకున్నాను. వాన వచ్చింది, గాలి కొట్టింది, ఇల్లు కూలింది. జనం మేస్త్రీ వైపు చూశారు. నేను చూడమనలేదు. ఎవరో, "సొంత అక్క మీదే కూల్చుకున్నాడు" అన్నారు. వాడు పొరుగూరి నుంచి వచ్చిన మట్టికాళ్లతోనే నిలబడి ఉన్నాడు.

కట్టడాల ఆఫీసువాళ్లు మందిరంలో ఏదీ కదపొద్దన్నారు. వచ్చే నెలాఖరులోగా ఇంగ్లీషులో వాంగ్మూలం కావాలన్నారు. అది చూశాకే మేస్త్రీ పని కార్డు ఉంచాలో తీసేయాలో తేలుస్తారట. నీ నోట్‌బుక్‌లోంచి గట్టి మాటలు ఏరి రాయి. గాలివాన ఘోరం చేసిందనీ, నాసిగా కట్టిన గోడ తట్టుకోలేదనీ. అంతే. పొడుగు వద్దు.

ఇంకొకటి. ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులుగా తెల్లవారుజామున మందిరంలో చీపురు చప్పుడు వినిపిస్తోంది. రెండు పొడుగు ఊపులు, ఒక పొట్టి ఊపు. ఆమె ఊడ్చే తీరే అది.

నీ అన్న

*

ఉత్తరాల కొట్టు
ముసురు

అన్నయ్యా,

ఉత్తరం చదివి కొట్టు మూసేశాను. ఆ పిన్నీసు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు, ఎలా దొరుకుతుంది?

మర్నాడు కూర్చుని నువ్వు చెప్పినట్టే కొట్టాను. "గాలివాన రీక్డ్ హేవక్", అంటే విధ్వంసం చేసింది, అని మొదలు. హేవక్ ఒంటరిగా నిలబడే మాట కాదు, ఎవరో ఒకరు చేయాలి. గాలివానని నిలబెట్టాను. తర్వాత, "పనితనంలో లోపం వల్ల గోడకి పెద్ద దెబ్బ" అన్నాను. చదువుకుంటే ఎంత బాగుందో! ఒక్క తప్పు లేదు. అందుకే భయమేసింది.

ఒక్కటి చెప్పు. నాలుగు గోడలూ ఆ మేస్త్రీయే కట్టాడు. అదే ఇసుక, అదే సున్నం, అదే చెయ్యి. గాలివాన నాలుగింటికీ ఒకటే. మూడింటికి గీత కూడా పడలేదని నువ్వే రాశావు. ఎడమది ఒక్కటే ఎందుకు పడింది?

జవాబు వచ్చేదాకా కాగితం మిషన్‌లోనే ఉంటుంది.

నీ చెల్లి

*

మందిరం వెనక గది
నెల సగంలో

చెల్లీ,

నువ్వు నా తోడబుట్టినదానివా, ప్లీడరువా?

అమ్మ పోయాక నిన్ను భుజాన వేసుకుని తిరిగాను. నీ చదువు కోసం నా చదువు మానుకున్నాను. ఆ చదువుతో నన్నే బోనెక్కిస్తావా? ఆదివారం మోకాలు వంచని మనిషివి, నాకు ప్రశ్నలా! గాలులను తన దూతలుగా చేసుకునేవాడు ఆయన. ఏ గోడను తాకాలో గాలికి ఎవరు చెప్తారు? నువ్వా, నేనా? అడిగినది రాసి పంపు.

నిన్న ఆఫీసువాళ్లు మేస్త్రీ కార్డు తాత్కాలికంగా తీసుకున్నారు. ఎవరూ వాడికి పని ఇవ్వడం లేదు. తాపీ పట్టుకుని అడ్డా మీద కూర్చుంటే కూలీలు పక్కకు జరుగుతున్నారట. సాయంత్రం నా గదికి వచ్చాడు. "అయ్యగారూ, ఇసుక పాలు ఎక్కువ పోశానేమో. ఎంత గుర్తు చేసుకున్నా గుర్తురావడం లేదు. అక్కని నేనే చంపుకున్నానా?" అన్నాడు. నా కోసం ప్రార్థన చేయండి అన్నాడు.

చేశాను. వాడి తల మీద చెయ్యి పెట్టి చేశాను. చెయ్యి ఇంకా మండుతోంది.

చీపురు మూడు వారాలుగా ఆగలేదు. చెవుల్లో దూది పెట్టుకుంటే దూదిలోంచి వినిపిస్తోంది. గట్టిగా కీర్తన ఎత్తుకుంటే నా చరణం అయ్యేదాకా ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఏమిటి ఊడుస్తుంది ఆమె? ఏం మిగిలిందని?

రాసి పంపు.

*

ఉత్తరాల కొట్టు
నెల ఆఖరి వారం

అన్నయ్యా,

నువ్వు అడిగినది ఇందులో ఉంది. తప్పుల్లేకుండా, పొట్టిగా, నువ్వన్నట్టే. దానితో పాటు ఇంకో కాగితం కూడా పెట్టాను. ఎండాకాలంలో నువ్వు నాకు రాసిన ఉత్తరం. సుత్తీ, ఉలీ, మూడు మధ్యాహ్నాలు, రెండు మెట్లు. ఏది ఆఫీసులో ఇస్తావో నీ ఇష్టం.

నిన్ను బోనెక్కించే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు.

ఆరేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీ గుమాస్తా వచ్చాడు. బాయిలర్ గదిలో ఒక పనివాడు పడిపోయి చనిపోయాడు. గాలి తగిలే కిటికీకి రేకు కొట్టేశారట, సరుకు పెట్టుకోవడానికి. ఆ సంగతి గుమాస్తా టీ తాగుతూ చెప్పాడు, రాయమనలేదు. నేను రాసింది ఇది: "విపరీతమైన ఎండలు టుక్ దెయిర్ టోల్." చాలా బాగుందని మెచ్చుకున్నాడు.

పది రోజులకి ఆ పనివాడి భార్య ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఇంగ్లీషు రాదు, చదివి చెప్పమంది. నా అక్షరాలే, నా మిషన్‌లో సగం విరిగిన 'ఈ' అక్షరంతో సహా. చదివాను. టోల్ అంటే ఏమిటమ్మా అంది. సుంకం అన్నాను.

"ఎవరు తీసుకున్నారు?"

"ఎండ."

ఆవిడ కాసేపు బయట ఎండ వైపు చూసింది. "అయితే నేనెవర్ని అడగాలి?" అంది. నేను చెప్పలేదు అన్నయ్యా. కిటికీ సంగతి తెలిసి కూడా చెప్పలేదు. కాగితం మడిచి కొంగున కట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్లింది. నేను ఆరాధనకి ఎందుకు రానో ఇప్పుడు తెలిసిందా? అక్కడ ఎవరైనా చేతులు జోడిస్తే నాకు ఆవిడే కనబడుతుంది.

నీకు గ్రంథం నేను చెప్పేదేముంది. దూడ విగ్రహం తనే చేసి, బంగారమంతా నిప్పులో వేశాను, దూడ దానంతటదే బయటికి వచ్చింది అన్న యాజకుడి కథ నువ్వు చెప్తుంటే జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. నేనూ నవ్వాను.

రేపు తెల్లవారుజామున దూది తీసెయ్యి. వెళ్లి చూడు. దయ్యమైతే దుమ్ము లేవదు.

నీ చెల్లి

*

మందిరం వెనక గది
మర్నాటి మర్నాడు

చెల్లీ,

వెళ్లాను.

తలుపు దాకా పదహారు అడుగులు. లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. గోడ పడిన సందులోంచి వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులో దుమ్ము లేస్తోంది. వంగి ఊడుస్తున్న వీపు. రెండు పొడుగు ఊపులు, ఒక పొట్టి ఊపు.

అది తిరిగింది. మేస్త్రీ.

"భయపెట్టానా అయ్యగారూ? అక్క పని కదా. ఇల్లు ఊడవకుండా ఉంటే అక్కడ కూడా దానికి నిద్ర పట్టదు. చిన్నప్పుడు ఇలాగే ఊడవమని నా వీపు మీద చీపురుతో కొట్టి నేర్పింది."

"ఎన్నాళ్ల నుంచి వస్తున్నావు?"

"కార్డు లాక్కున్న మర్నాటి నుంచండీ. పని లేనోడికి పొద్దెక్కడ పోద్ది?"

కార్డు తీసుకుని పన్నెండు రోజులే అయింది, చెల్లీ. అంతకు ముందు మూడు వారాలు నేను విన్నాను. వాడికి ఆ మాట చెప్పలేదు. అప్పుడు చెప్పాల్సింది వేరే ఉంది.

నోరు పెగల్లేదు. నలభై ఏళ్లుగా వేల మంది ముందు ఆగకుండా మాట్లాడిన నోరు. వేదిక దగ్గరికి వెళ్లాను. ఏదీ కదపొద్దన్న ఆఫీసు మాట గుర్తుంది. అయినా పైమెట్టు అంచున ఇటుక వేళ్లతో పెకిలించి వాడి చేతిలో పెట్టాను. వాడు తిప్పి చూశాడు. దాని పొట్ట మీద వాడి తాపీ గీత ఉంది. తన చేత్తో వేసిన ప్రతి ఇటుక మీదా ఒక గీత గీస్తాడట, నాకు తెలియదు.

"ఇది దిమ్మెలోది కదా. ఇక్కడికెలా వచ్చింది?"

"నేనే తీశాను. నువ్వు ఊళ్లో లేనప్పుడు. నా ముఖం అందరికీ కనబడాలని."

వాడు కొడతాడనుకున్నాను. కొట్టాలనే నిలబడ్డాను. వాడు ఇటుకను అటూ ఇటూ తిప్పి, వేలితో సున్నం గీకి, నోట్లో పెట్టుకుని నాలుకతో చూశాడు.

"అయితే... నా సున్నం కలపడంలో తప్పు లేదా అయ్యగారూ?"

"లేదు."

"ఇసుక సరిగ్గానే పోశానా?"

"సరిగ్గానే పోశావు. మూడు గోడలు నిలబడి సాక్ష్యం చెబుతున్నాయి. నాకే వినబడలేదు."

అప్పుడు కూలబడి ఏడ్చాడు. అక్క పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. లేచి చీపురు నా చేతిలో పెట్టి, "మిమ్మల్ని ఏమనాలో నాకు తెలవడం లేదు. అక్కనడిగి చెప్తాను" అని వెళ్లిపోయాడు.

నువ్వు రాసి పంపిన వాంగ్మూలం పొయ్యిలో వేశాను. దూడ ఏమీ బయటికి రాలేదు. ఇది ఇంగ్లీషు చేసి వెంటనే పంపు. ఒక్క మాట పెంచకు, ఒక్క మాట తగ్గించకు:

"ఎడమగోడకు ఆసరాగా ఉన్న దిమ్మెను నేను పగలగొట్టాను. మేస్త్రీని అడగలేదు. ఊడ్పులక్క హెచ్చరించింది, వినలేదు. అందువల్ల గోడ పడి ఆమె చనిపోయింది. మేస్త్రీ పనిలో తప్పు లేదు. తప్పు ఉన్నట్టు జనం అనుకునేలా నేను ప్రసంగించాను."

నీ అన్న

*

ఉత్తరాల కొట్టు
నీ ఉత్తరం అందిన రోజే

అన్నయ్యా,

ఇదుగో. పావుగంట కూడా పట్టలేదు. నోట్‌బుక్ తెరవలేదు. నువ్వు రాసిన వాటికి అందులో మాటల్లేవు, అవసరం కూడా రాలేదు. బడిలో మొదటి ఏడాది నేర్పే ఇంగ్లీషు చాలింది.

ఆఫీసుకి నువ్వే స్వయంగా తీసుకెళ్లు. వాళ్లు ఏమంటారో, జనం ఏం చేస్తారో నాకు తెలియదు. వచ్చే ఆదివారం నేను నీ పక్కన కూర్చుంటాను, నువ్వు ఎక్కడ కూర్చుంటే అక్కడ.

దారిలో ఒక పని ఉంది. ఆ ఫ్యాక్టరీ వెనక లైన్లో ఆవిడ ఇంకా ఉందేమో అడుగుతాను. కిటికీ గురించి చెప్పాలి.

నీ చెల్లి

*

మందిరం వెనక గది
వానలు వెళ్లాక

చెల్లీ,

నువ్వు వచ్చి వెళ్లాక గది మరీ పెద్దదైపోయింది.

మేస్త్రీకి కార్డు తిరిగి ఇచ్చారు. నా మీద విచారణ నడుస్తోంది, పిలిచినప్పుడల్లా వెళ్తున్నాను, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్తున్నాను. ప్రసంగం మానుకున్నాను. జనంలో సగం మంది రావడం లేదు. వచ్చినవాళ్లు పందిరి కింద కూర్చుని వాళ్లే చదువుకుంటారు, నేను ఆఖరి వరసలో కూర్చుంటాను. అక్కడి నుంచి ఎవరి ముఖమూ కనబడదు. గొంతే వినబడుతుంది. రేడియోలాగే ఉంటుంది, ఆ ముసలాయన అబద్ధం చెప్పలేదు.

మేస్త్రీ వీధిలో ఎదురైతే తల ఊపుతాడు. ఆగడు. అక్క ఏం చెప్పిందో ఇంకా చెప్పలేదు.

తెల్లవారకముందే లేచి మందిరం నేనే ఊడుస్తున్నాను. నా ఊపు వేరు, అన్నీ పొట్టివే, నడుము వంగదు. ఎడమవైపు వెళ్లేసరికి చీపురు ఆపి ఊపిరి తీసుకుంటాను. నేను ఆగాక కూడా గోడ పడిన చోట చీపురు ఆగదు. రెండు పొడుగు ఊపులు, ఒక పొట్టి ఊపు. మేస్త్రీ ఆ వేళకే పొరుగూరి పనికి బయల్దేరి పోతాడని నాకు తెలుసు.

దుమ్ము లేస్తుందో లేదో చూడను. అది పూర్తయ్యేదాకా నిలబడి, ఆమె చెప్పులు ఉన్న చోట నా చెప్పులు విడిచి, నా వంతు మళ్లీ మొదలుపెడతాను.

నీ అన్న